కాళ్ళకు క్షమాపణ

శుక్రవారం పొద్దున పెసమినో లౌలూ పెట్టుకున్న పని చాలా చిన్నది. కొబ్బరిపాలలో ఊరిన పానిపోపో బన్నులు రెండు తిని, ఒక గ్లాసుడు కోకో తాగి, టీవీ ముందు కూర్చుని తన కాళ్ళను ఒకసారి చూసుకోవాలి. అంతే.

ఆ కాళ్ళు ఆదివారం నాడు కార్సన్‌లోని సమోవా దీవులవాళ్ళ చర్చి హాల్లో, భోజనాలయ్యాక, తెరగా కట్టిన తెల్లదుప్పటి మీద అందరి ముందూ నడవబోతున్నాయి. నడక మూడు క్షణాలే. ఆ మూడు క్షణాల మీద పెసమినో ముప్పై ఏళ్ళకు పైగా బతుకుతున్నాడు.

వయసులో ఉన్న రోజుల్లో ఆయనా, తమ్ముడు ఇయాకోపో కలిసి లాంగ్ బీచ్ రేవులో బరువులు మోసేవారు. సెలవు దొరికితే బస్సెక్కి బర్బాంక్ వెళ్ళి, స్టూడియోలో గుంపులో నిలబడే వేషాలు వేసేవారు. అప్పుడే 'తొమ్మిదో నౌక' అనే సైన్స్ సీరియల్ మొదలైంది. రాబోయే కాలంలో ఆడా మగా తేడా ఉండదు కాబట్టి దుస్తుల్లోనూ ఉండకూడదని దాన్ని తీసినవాళ్ళకు తోచింది. ఆ అంతరిక్షనౌకలో కొందరు మగవాళ్ళకు పొట్టి ఊదారంగు స్కర్టులు తొడిగారు. మిగతా కుర్రాళ్ళు షాట్‌కీ షాట్‌కీ మధ్య మోకాళ్ళ మీద న్యూసుపేపరు కప్పుకుని కూర్చునేవారు. అందులో సిగ్గుపడేదేముందో అన్నదమ్ములకు ఎంతకీ అర్థం కాలేదు. వాళ్ళు ప్రతి ఆదివారం చర్చికి లుంగీలా చుట్టి కట్టుకెళ్ళే ఇయె కూడా అలాంటిదే. కాకపోతే అది పిక్కల దాకా ఉంటుంది, దానికి జేబులుంటాయి.

చూసినవాళ్ళు నవ్వారు. మరుసటి ఏడాదికల్లా నౌకలో స్కర్టులు మాయమయ్యాయి. సీరియల్ మాత్రం సాగుతూనే వచ్చింది. కెప్టెన్లు మారారు, ఆడవాళ్ళు కెప్టెన్లయ్యారు, అన్ని రంగుల మనుషులూ వచ్చారు, మనుషుల్లో లేని రంగులు కూడా వచ్చాయి. భవిష్యత్తులోకి అన్నీ వచ్చాయి, మగవాడి మోకాళ్ళు తప్ప.

ఆ మొదటి ఏడాదిలోనే ఒకచోట కెప్టెన్ కింద పడిన యంత్రం తీసుకోవడానికి వంగుతాడు. అతని వెనక నుంచి రెండు కాళ్ళు నడిచి వెళ్తాయి. మనిషి ముఖం కనబడదు. పైన స్కర్టు, దాని కిందినుంచి మోకాళ్ళ దాకా నల్లని గీతల పచ్చబొట్టు. సమోవా మగవాడు నడుము నుంచి మోకాళ్ళ దాకా పొడిపించుకునే పచ్చబొట్టు అది. కథంతా ఆ గీతల్లోనే ఉంది. వాటిని బట్టే పెసమినో పెళ్ళిళ్ళలో, చావుల్లో, చివరికి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా "ఆ కాళ్ళు నావే" అని చెబుతూ వచ్చాడు. ఈమధ్య చర్చి గాయకబృందంలో పిల్లలకు నోళ్ళు లేచాయి. "ముఖం లేనిదే ఎలా నమ్మాలి పెసా మామా? పాత టేపులో అన్నీ మసకే. అవి పచ్చబొట్లో, మేజోళ్ళో!" అన్నారు. సీరియల్ వార్షికోత్సవం కోసం స్టూడియో పాత భాగాలన్నీ శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసిందని తెలియగానే పెసమినో పాస్టరు ఎనోకాను పట్టుకుని ఆదివారం దుప్పటి కట్టడానికి ఒప్పించాడు. తన మాట నిజమని ఆ ఊళ్ళో ఒక్కసారి రుజువైతే చాలు. అంతకుమించి ఆయన ఏదీ కోరలేదు.

టీవీలో కెప్టెన్ వంగాడు. కాళ్ళు వచ్చాయి.

"రెపెకా! ఇలా రా!"

"పొయ్యి మీద గిన్నె ఉంది."

"నా కాళ్ళు పోయాయి!"

డాక్టరు షుగరు మాట ఎత్తిన రోజు నుంచి ఆ ఇంట్లో కాళ్ళు పోవడమంటే వేళాకోళం కాదు. రెపెకా గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. మొగుడి కాళ్ళు రెండూ బల్ల మీద భద్రంగా ఉన్నాయి. ఆయన వేలు టీవీ వైపు ఉంది.

"ప్యాంటేసుకున్నావు" అంది చూసి.

"నేను వేసుకోలేదు. వాళ్ళు వేశారు!"

నిజంగానే వేశారు. కంప్యూటరుతో, నున్నగా, ఇస్త్రీ మడత కూడా వదలకుండా నల్లప్యాంటు గీశారు. నిద్రపోతున్న మనిషి గదిలోకి ఎవరో వచ్చి, తమకు నచ్చిన బట్టలు తొడిగి, తలుపు వేసుకుని వెళ్ళినట్టనిపించింది పెసమినోకు. రోజుల తరబడి పళ్ళు బిగించి భరించిన నొప్పి ఆ గీతలు. తుడిచెయ్యడానికి ఎవడికో ఒక మధ్యాహ్నం సరిపోయింది. తనకొచ్చింది కోపమని తెలుసుకోవడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది. అంత స్వచ్ఛమైన కోపం వచ్చి చాలా ఏళ్ళయింది.

స్టూడియోకు ఫోన్ చేశాడు. అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి పాత్రల గౌరవం చూసే విభాగంలో టెస్ మార్బరీ అనే అమ్మాయికి కలిపారు. ఆ ఉద్యోగంలోకి వచ్చినప్పుడు ఆమెకు నేర్పినవి రెండే: బాధితుడికి అడ్డు రాకూడదు, అడక్కముందే క్షమాపణ చెప్పాలి.

"ముందుగా మీ ధైర్యానికి కృతజ్ఞతలు సార్" అంది.

"ధైర్యమేంటమ్మా, ఫోనేగా చేసింది. 'తొమ్మిదో నౌక'లో స్కర్టు వేసుకుని నడిచింది నేనే."

"అయ్యో."

"అయ్యో ఏంటి? పూర్తిగా విను. నా కాళ్ళు లోకమంతా చూసింది. పొద్దున టీవీ పెట్టి చూస్తే నా గుండె ఆగినంత పనైంది. ఇంత అవమానం చేస్తారా మనిషికి? ఆదివారం మా చర్చివాళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మీరింకా ఆ బాధ మోస్తున్నారు" అంది టెస్.

"మొయ్యక? మా నాన్న చూస్తే ఏమనేవాడు!"

"మాది తప్పే సార్. దీన్ని సరిచేస్తాం."

"ఎప్పుడు?"

"ఇవాళే."

ఆయన అన్న ప్రతి మాటా నిజం. ఆమె విన్న ప్రతి మాటా ఆమెకు ముందే తెలిసిన కథలో చక్కగా అమరిపోయింది. స్కర్టు గురించి ఫోన్ చేసే మగవాడు స్కర్టు వల్ల నలిగినవాడే అయి ఉంటాడు కదా! స్టూడియోవాళ్ళు ఆయన కాళ్ళకు ప్యాంటు గీసిందే ఆ జాలితో. పెసమినో ఫోన్ పెట్టేసి, "మంచి పిల్ల. ఇట్టే పట్టేసింది" అని భార్యతో అన్నాడు.

సాయంత్రానికి స్టూడియో ప్రకటన వచ్చేసింది. 'మా తొలి భాగాల్లో పసిఫిక్ దీవుల నటుడు శ్రీ పెసమినో లౌలూ గారికి, పురుషులను కించపరిచే స్కర్టు బలవంతంగా తొడిగించాం. ఆయన కన్నీటి సాక్షిగా క్షమాపణ కోరుతున్నాం. ఆ వస్త్రం మా తెర మీద ఇక ఎన్నటికీ కనిపించదు.'

రెపెకా దాన్ని ఫోన్లో రెండుసార్లు చదివింది. "ఎప్పుడు ఏడ్చావు?" అని అడిగింది.

సమాధానం చెప్పేలోపే తలుపు చప్పుడైంది. పాస్టరు ఎనోకా గాయకబృందం అభ్యాసం మధ్యలో వదిలేసి వచ్చాడు. గుమ్మానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండే మనిషి. నల్ల ఇయె కట్టుకుని ఉన్నాడు.

"ఉసో" అన్నాడు. సోదరా అని అర్థం. కానీ ఆయన అన్న తీరులో సోదరభావం అట్టే లేదు. "నేను కట్టుకున్నదేంటి?"

"ఇయె."

"మీ పెళ్ళి చేసిన రోజు మా నాన్న కట్టుకున్నదేంటి?"

"ఇయె."

"అంటే ఆయన కించపడుతూ నీకు పెళ్ళి చేశాడన్నమాట."

"కించపడింది ఆయన కాదులెండి" అంది వంటింట్లోంచి రెపెకా.

"ఎనోకా, నేను ప్యాంటు గురించి ఫిర్యాదు చేశాను. స్కర్టు గురించి కాదు!"

"ఇక్కడ స్కర్టు అనే ఉంది. నీ పేరుంది. నీ కన్నీళ్ళు కూడా ఉన్నాయి. సంఘపెద్దలు మండిపడుతున్నారు. ఆదివారం దుప్పటి కట్టేది లేదు. మన బట్టకు సిగ్గుపడేవాడి కాళ్ళు మన హాల్లో చూపించం."

పెసమినో తన మాట నిజమని చూపించబోయి తన వాళ్ళకే పరాయివాడయ్యాడు. విచిత్రమేమిటంటే పొద్దుటి కోపం హాయిగా ఉంది, ఎదుటివాడు ఎక్కడో దూరాన ఉన్నాడు కాబట్టి. ఈ కోపానికి దిక్కు లేదు, నాలుగు గోడల మధ్య తిరుగుతోంది.

"రేపు స్టూడియోకు వెళ్తాను. ఇయె కట్టుకునే వెళ్తాను" అన్నాడు.

పాస్టరు తల అడ్డంగా ఊపాడు. "ఒక్కడివే వెళితే మళ్ళీ జాలిపడతారు. మేమూ వస్తాం."

శనివారం చర్చి వ్యాను బయలుదేరింది. సంఘపెద్దలు, గాయకబృందంలో మంద్రగొంతుల మగవాళ్ళు, కుర్రవాళ్ళు, అందరూ ఇస్త్రీ ఇయెల్లో ఉన్నారు. ముందు సీట్లో రెపెకా. వెనక సీట్లో మూలకు ఒదిగి తమ్ముడు ఇయాకోపో. రేవు తరవాత సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. అన్న పక్కనుంటే ఆయన పెద్దగా మాట్లాడడు, అవసరం రాదు కాబట్టి.

"సాండ్‌విచ్‌లు ఇంకా ఇస్తున్నారా అక్కడ?" అని అడిగాడు.

"మనం పోట్లాడ్డానికి వెళ్తున్నాంరా."

"పోట్లాటకైనా మధ్యాహ్నం భోజనం వేళంటూ ఉంటుంది కదా."

స్టూడియో గేటు దగ్గర అప్పటికే గుంపుంది. పొట్టి ఊదా స్కర్టులు, చలికి కింద ఉన్ని మేజోళ్ళు, చేతుల్లో 'మోకాళ్ళు దాచొద్దు' అనే అట్టలు. సీరియల్‌కు వీరాభిమానులు. స్కర్టులు చెరిపేశారని వాళ్ళకూ ఒళ్ళు మండుతోంది. వ్యాను లోంచి ఇయెలతో భారీ మనుషులు దిగుతుంటే వాళ్ళు చప్పట్లు కొట్టారు. గడ్డం పెంచుకున్న ఒకాయన పాస్టరు చుట్టూ తిరిగి చూసి, "ఇదీ అభిమానమంటే! జేబులు కూడా కుట్టించుకున్నారు!" అని మిగతావాళ్ళను మందలించాడు. ఎవరో పాస్టరు ఛాతీకి నౌక బిళ్ళ గుచ్చారు.

గేటు కాపలాదారుడికి అభిమానం, పోరాటం వంటి వాటితో పని లేదు. ఒకే తీరు బట్టల్లో గుంపుగా వచ్చినవాళ్ళు ఎవరో అతనికి తెలుసు. "గుంపు వేషాలవాళ్ళు లోపలికి, ఎడమ పక్కకి" అన్నాడు.

పెసమినో ఎడమ పక్కకు నడిచాడు. ఎందుకు నడిచాడో నాలుగడుగులు వేశాక తెలిసింది. స్టూడియోలో ఎవరైనా 'ఎడమ' అంటే బుద్ధి మేలుకోకముందే ఆయన ఒళ్ళు తిరిగిపోతుంది. ఆ విధేయత ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో! అందరూ ఆయన వెనకే వచ్చారు. నీడలో కుర్చీలు వేసి సాండ్‌విచ్‌లు ఇచ్చారు. ఇయాకోపో రెండు తీసుకున్నాడు. తన కోపం టర్కీ మాంసం ముందు మెత్తబడుతుంటే పెసమినోకు తన మీదే కోపం వచ్చింది.

చెవికి మైకు తగిలించుకున్న కుర్రవాడొకడు వచ్చి వీళ్ళను చూసి నోరు తెరిచాడు. కోల్బీ అని సహాయ దర్శకుడు.

"ఎవరు పంపారు మిమ్మల్ని? అదిరిపోయారు! ఏ గ్రహం మీది?"

"కార్సన్" అన్నాడు పాస్టరు.

కోల్బీ చేతిలోని కాగితాలు తిరగేశాడు. "నాకు చెప్పకుండా గ్రహాలు కలుపుతుంటారు... సరే. కార్సన్ రాయబారులందరూ ఆ గోడ దగ్గర నిలబడండి."

"మేం రాయబారులం కాదు బాబూ, సంఘపెద్దలం."

"ఇంకా బాగుంది! కాస్త కోపంగా చూడగలరా?"

"అందుకే వచ్చాం."

"అదీ! ఆ చూపు అలాగే ఉంచండి."

అప్పటికే మేకప్ అమ్మాయి నీలం రంగుతో వచ్చి పాస్టరు ముక్కు పూర్తిచేసింది. చెంపకు కుంచె తగిలినప్పుడు గానీ ఆయనకు విషయం బోధపడలేదు. పాస్టరు ఎనోకాకు ఎవరినైనా తిట్టాలంటే మాట రాదు, పాట వస్తుంది. గొంతెత్తాడు. వెనక మగవాళ్ళంతా అందుకున్నారు. ఆ పాటకు పక్క షెడ్డులో షూటింగ్ ఆగిపోయింది. రకరకాల గ్రహాలవాళ్ళు బయటికొచ్చి టోపీలు తీసి నిలబడ్డారు. వాళ్ళ మధ్య నుంచి టెస్ మార్బరీ పరిగెత్తుకుంటూ వచ్చింది. వస్తూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"పెసమినో లౌలూ గారెవరు? మీరేనా? మళ్ళీ ఈ బట్ట కట్టించారా మీ చేత? ఎవరు కట్టించారు?"

"ముందు నా ప్యాంటు విప్పమ్మా!" అని అరిచాడు పెసమినో.

టెస్ రెండడుగులు వెనక్కి వేసింది.

"టీవీలో! టీవీలో విప్పమంటున్నాడు" అంది రెపెకా గబగబా.

"నేను స్కర్టు గురించి ఎప్పుడమ్మా ఏడ్చాను? మా నాన్న ఇది కట్టుకుని చనిపోయాడు. నేనూ ఇందులోనే పోతాను. ముందు మీరే తొడిగారు. నలుగురూ నవ్వితే భయపడి తీసేశారు. ఇప్పుడు జాలేసి దాచేశారు. నవ్విందీ మీరే, జాలిపడిందీ మీరే. మధ్యలో ఆ కాళ్ళవాణ్ణి ఒక్క మాట అడిగారా? మగవాడు స్కర్టు కట్టే రోజు రాబోయే కాలంలో ఎప్పుడో వస్తుందన్నారు. అదెక్కడుందో మీకు తెలుసా? ఇక్కణ్ణుంచి గంట ప్రయాణం. ప్రతి ఆదివారం పదింటికి మొదలవుతుంది!"

పాస్టరు నీలం ముక్కుతో అవునన్నట్టు తల ఊపాడు. టెస్ ఏదో చెప్పబోయి, తనకు నేర్పిన రెండు సూత్రాలూ ఇక్కడ పనికిరావని గ్రహించినట్టుంది, నోరు మూసుకుంది. ఉద్యోగంలో చేరాక ఆమె నిజంగా వినడం అదే మొదలు.

"మీకు కావలసింది ఆ కాళ్ళు" అంది చివరికి.

"ఉన్నవి ఉన్నట్టుగా."

అసలు ఫిల్ము భద్రంగానే ఉంది. చిన్న ప్రదర్శన గదిలో అందరూ ఇరుక్కుని కూర్చున్నారు. దీపాలార్పారు. తెర మీద కెప్టెన్ వంగాడు. ఊదా స్కర్టు, దాని కింద పచ్చబొట్టు. దుమ్ము దులిపినట్టు గీతకు గీత విడిగా, నిగనిగలాడుతూ రెండు కాళ్ళు నడిచి వెళ్ళాయి.

గది దద్దరిల్లింది. "మా ఉసో! మా ఉసో!" అని పాస్టరు పెసమినో వీపు మీద చరిచాడు. "ఆదివారం దుప్పటి కాదు, రెండు దుప్పట్లు కలిపి కుట్టి కడతాం!" గాయకబృందం కుర్రవాళ్ళు లేచి నిలబడి ఈలలు వేశారు.

పెసమినో కదల్లేదు. "ఇంకోసారి వెయ్యండి" అన్నాడు.

మళ్ళీ వేశారు. పాత టేపుల మసకలో ఎన్నడూ కనబడనిది ఇప్పుడు కనబడింది. కుడిపాదం. అడుగు పడినప్పుడల్లా అది కొంచెం బయటికి తిరుగుతోంది, దారి పక్కన ఏముందో చూసి రావాలన్నట్టు. ఆ పాదం వెనక ఆయన చిన్నప్పుడు ఊళ్ళో బడికి వెళ్ళాడు. మామిడిచెట్టు మీంచి పడి ఆ పాదం మెలిపడ్డ రోజు తమ్ముణ్ణి వీపున మోసుకుని ఇంటికి తెచ్చింది తనే.

ఆ రోజు ఇద్దరూ నడిచారు. ఒకసారి తను, ఒకసారి తమ్ముడు, ఇలా మార్చి మార్చి తీశారు. సెట్టులో నేల చల్లదనం, కెప్టెన్ తలనూనె వాసన, ఆయనకు గుర్తున్నవన్నీ నిజాలే. వాటి చివర ఉన్న కాళ్ళు మాత్రం తనవి కావు. ఇన్నేళ్ళూ మనసు తనకు కావలసినచోట కత్తిరించి అతికించింది. ఇంత శుభ్రంగా కంప్యూటరు కూడా ప్యాంటు గీయలేదు.

పక్కకు తిరిగాడు. ఇయాకోపో సాండ్‌విచ్ కాగితాన్ని నాలుగు మడతలు పెడుతున్నాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"టీవీలో మొదటిసారి వచ్చినప్పట్నుంచి."

"రెపెకా, నీకు?"

"రోజూ నూనె రాసే మోకాళ్ళు నాకు తెలీవా?" అంది రెపెకా మెల్లగా. "చెబితే ఇంట్లో ఇక మాట్లాడ్డానికేం మిగులుతుంది నీకు?"

"మరి నువ్వెందుకు చెప్పలేదురా?"

ఇయాకోపో కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు చెబుతుంటే నా కాళ్ళు ఎంత గొప్పవో అనిపించేది. నేనే చెప్పుకుంటే అంత బాగుండేది కాదన్నా."

దీపాలు వెలిగాయి. టెస్ కలం పట్టుకుని ముందుకొచ్చింది. "భాగం చివర్లో పేరు వేయిస్తాం సార్. పెసమినో లౌలూ అనే కదా?"

"అదే వేయించమ్మా" అన్నాడు ఇయాకోపో. "అన్నా, ముప్పై ఏళ్ళుగా మోసింది నువ్వు. ఎవరి కాళ్ళైతే ఏంటి? గీతలు ఇద్దరం పక్కపక్కన పడుకునే పొడిపించుకున్నాం."

పెసమినో చటుక్కున లేచాడు. నిన్నటి నుంచి ఎన్నో కోపాలు వచ్చాయి గానీ ఇంత నిటారుగా నిలబెట్టింది ఒక్కటీ లేదు.

"నువ్వు కూడానా? నన్ను అడక్కుండా నా మీద జాలిపడ్డం మీ అందరికీ అలవాటైపోయిందా? ఇంట్లో పెళ్ళాం, పక్కన తమ్ముడు, ఇక్కడ స్టూడియో! అందరూ కలిసి నాకు ప్యాంటు తొడుగుతూనే ఉన్నారు!" టెస్ వైపు తిరిగాడు. "రాయమ్మా. ఇయాకోపో లౌలూ. ఆ కాళ్ళు మా తమ్ముడివి. నాకన్నా కాస్త లావు. చూస్తేనే తెలియడం లేదూ?"

ఈలలు వేసిన కుర్రవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. పాస్టరు, వీపు చరవడానికి ఎత్తిన చెయ్యి ఎవరి మీద దించాలో తెలియక, తన ముక్కు తుడుచుకున్నాడు.

ఆదివారం హాల్లో దుప్పటి కట్టి, స్టూడియో ఇచ్చిన అసలు భాగం వేశారు. ఎప్పటిలాగే కథ చెప్పింది పెసమినోనే. ఆయనంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. "ఇదిగో వంగాడు... ఇదిగో, వస్తున్నాయి మావాడి కాళ్ళు!" అని అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. "మరి నువ్వెక్కడున్నావు మామా?" అని ఎవరో వెనక నుంచి ఏడిపించారు. "కెమెరాకు ఇవతల, నా వంతు కోసం, చలికి మోకాళ్ళు కొట్టుకుంటూ" అన్నాడు. ఈసారి ఎవరూ రుజువు అడగలేదు.

సోమవారం పొద్దున స్టూడియో రెండో క్షమాపణ ప్రకటించింది: శ్రీ పెసమినో లౌలూ గారిని స్కర్టులో చూపించనందుకు.